నడిసముద్రంలో కరువు సీమ

వదినా, ఆ మోటారు కట్టేసి ఇట్ల గోడ దగ్గరికి రా. బ్యాళ్ళు ఉడకతాండాయి, ఇంకా శానాసేపు పడతాది. గ్రీసు నుంచి వచ్చినప్పటినుంచీ ఇంటికొచ్చినోళ్ళంతా ఫోనులో ఫొటోలు చూసి, "ఇండ్లు ఎంత తెల్లగా ఉండాయి, సముద్రం ఎంత నీలంగా ఉండాది" అని పోతాండారు. నువ్వొక్కదానివే అడిగితివి, "చుట్టూ ఉప్పునీళ్ళే కదా, మరి వాళ్ళు తాగేదేమి?" అని. అనంతపురంలో బతికినోళ్ళకు రావాల్సిన ప్రశ్న అదే.

ఆ దీవి పేరు శాంటోరిని. ఆ దేశపోళ్ళు థీరా అని కూడా అంటారు. ఏజియన్ సముద్రం నడుమ ఉండాది. ఏరు లేదు, వంక లేదు, చెరువు లేదు. వాన పడేది చలికాలంలోనే. ఎండాకాలమంతా మొగులు వైపు చూసే పనే లేదు. ఏడాది మొత్తం కూడినా 400 మిల్లీమీటర్లు దాటదు. మన జిల్లా సగటు 550 దగ్గర కదా! దేశంలో జైసల్మేరు తర్వాత మనదే తక్కువ వాన అని చెప్పుకొని ఏడుస్తుంటాం గానీ, వాళ్ళ ముందర మనం వానలున్న ఊరోళ్ళమే. వెనకటికి మిద్దె మీద పడిన చుక్క చుక్కనూ కాలవ కట్టి, ఇంటి కింద తవ్వుకున్న తొట్టిలోకి దింపుకొని ఏడాదంతా వాడుకునేవాళ్ళు. ఇప్పుడు సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే యంత్రాలు పెట్టినారు. ఆ నీళ్ళు పోసుకునేదానికి, గిన్నెలు కడిగేదానికి. తాగేదానికి సీసా కొనుక్కోవాల్సిందే. మేము గది తీసుకున్న ఇంటామె మొదటిరోజే చెప్పె, కుళాయి నీళ్ళు తాగొద్దని. మా అల్లుడు మొగం చిట్లించినాడు గానీ నాకేమీ వింత అనిపించలేదు. ఫ్లోరైడు బోరు పక్కనే పెట్టుకొని క్యాను నీళ్ళు కొనే ఊర్లలో ఏండ్ల తరబడి సోషల్ పాఠాలు చెప్పినదాన్ని నేను.

మనకు వాన ఎందుకు తక్కువో పిల్లోళ్ళకు చెప్పి చెప్పి నోరు అరిగింది. నైరుతి గాలి తెచ్చే నీళ్ళన్నీ పడమటి కనుమలే దించేసుకుంటాయి. ఈశాన్యం వాన తూర్పు తీరంలో కురిసి, మన దాకా వచ్చేసరికి పలచబడిపోతాది. మనం సముద్రానికి దూరమై ఎండినాం. వాళ్ళేమో సముద్రంలోనే ఉండి ఎండినారు. వాన మేఘాన్ని ఆపేంత కొండ లేదు, నీళ్ళు నిలిపే నేల లేదు.

ఆ నేల అట్లయ్యేదానికి కారణం అగ్నిపర్వతం. ఒకప్పుడది ఇంకా పెద్ద దీవి. సుమారు 3600 ఏండ్ల కిందట పేలి, కడుపులో ఉన్నదంతా కక్కేసె. లోపల డొల్ల అయినాక పైకప్పు కుంగె, సముద్రం వచ్చి నిండె. మిగిలింది నెలవంక మాదిరి అంచు. పేరున్న ఊర్లు శానావరకు ఆ అంచు మీదనే. ఊరి గోడ దగ్గర నిలబడి కిందికి చూస్తే 300 మీటర్ల దాకా నిట్టనిలువు కొండ. ఆ కింద నీళ్ళ లోతు ఇంకో 400 మీటర్ల దగ్గర. లంగరేస్తే అడుగు అందదు. అందుకే పెద్ద ఓడలు నడుమలో నిలబడి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు పంపిస్తాయి.

నడుమనున్న అగ్నిపర్వతం చూసేదానికి పడవ ఎక్కాలంటే ఫీరా అనే ఊరి నుంచి పాత రేవుకు దిగాల. మెట్లు 600 దగ్గర. నడిచేవాళ్ళు నడుస్తారు, లేదంటే కేబుల్ కారు, అదీ కాదంటే గాడిద. ఎండలో జనాన్ని మోసి మోసి వాటి వీపులు పుండ్లవుతాండాయని గోల లేచినాక, 2018లో ప్రభుత్వం కట్టడి పెట్టింది. 100 కిలోలకు మించి గానీ, జంతువు బరువులో ఐదో వంతుకు మించి గానీ మోయించకూడదు. మా అల్లుడు తన బరువు మనసులోనే లెక్కేసుకొని నోరు మూసుకొని కేబుల్ కారు టికెట్లు తెచ్చె.

మన పక్క పడవంటే ఏముంది వదినా, ఏటికి నీళ్ళొచ్చినప్పుడు పుట్టి. పెన్నలో ఇసుక చూసినన్ని దినాలు నీళ్ళు చూడలేదు మనం. ఇది కొయ్య పడవ. తెరచాప కట్టింది అందం కోసం, నడిచేది ఇంజనుతో. కాసేపటికే నడుమ దీవి వచ్చె. దాని పేరు నేయా కమేని. 1707లో సముద్రంలోనుంచి రాయి పైకి తేలి, నాలుగేండ్లు పెరుగుతూ పోయిందంట. ఔరంగజేబు చచ్చిపోయిన ఏడాది అది. సోషల్ టీచరును కదా, ఒక ఏడాది వింటే ఇంకోటి గుర్తొస్తాది. 1866లో మళ్ళీ రగిలి నాలుగేండ్లు, ఆ తర్వాత 1925లో, 1939లో, కడపటిగా 1950లో. మనం గణతంత్రమైన ఏడాది కూడా ఆ దీవికి కొత్త రాయి చేరుతాండాదన్నమాట. దేశాలు పుట్టిన తేదీ చెప్పినట్లు, ఒక దీవి పుట్టిన తేదీ చెప్పగలగడం నేనెక్కడా వినలేదు.

దిగినాక టికెట్ కొని, గుట్ట ఎక్కాల. ఎత్తు 130 మీటర్ల లోపే గానీ ఒక్క చెట్టు లేదు, నీడ లేదు. అంతా నల్లరాయి. మన గుట్టల్లో గుండ్లు ఎండకూ వానకూ అరిగి నున్నగా ఉంటాయి, చిన్నప్పుడు జారుడుబండ ఆడుకుంటిమి కదా. అక్కడి రాయి కొత్తది, అంచులు చెప్పు కోసేంత పదును. పైకి పోయేసరికి గుంత కనపడె. నేనేమో ఎర్రగా కుతకుతలాడేది ఉంటాదనుకున్న వాళ్ళ మొగాలు చూస్తా ఉంటిని. అందరూ కొంచెం డీలా పడినారు. నిప్పు లేదు. అయితే ఒకచోట నేలలో అరచేయంత బొక్క ఉండె. పొగ కంటికి ఆనదు, చేయి చాపితే ఆవిరి వెచ్చగా తగిలె. బొక్క అంచున పసుపుపచ్చ పొర, గంధకం. వాసన దీపావళి మరునాడు మన వీధిలో వచ్చేదే. ఆ వెచ్చదనం చేతికి తగిలినాక గానీ, కింద అది మేలుకొనే ఉందని నాకు ఒంటికి ఎక్కలేదు.

పక్కనే ఇంకో దీవి, పాలియా కమేని. అది ఇంకా పాతది. దాని ఒడ్డున వేడినీటి ఊటలుండాయి. పడవ దగ్గరదాకా పోదు. సముద్రంలో దూకి ఈదుకుంటూ పోవాల. మొదట చన్నీళ్ళు, పోయేకొద్దీ గోరువెచ్చన. నీళ్ళలో ఇనుము ఎక్కువ, అందుకే ఎర్రమట్టి రంగు. మా అమ్మాయి, అల్లుడు దూకినారు, నేను పడవలోనే కూచొని తువ్వాళ్ళు కాసినా. అల్లుడి తెల్ల బనీను ఎర్రగా తుప్పు పట్టి వచ్చె. ఇంటికొచ్చి ఎన్ని సబ్బులేసి ఉతికినా ఆ మరక పోలేదు. మన పక్క బోరు నీళ్ళు పడిన బకెట్టు మాదిరే అని నేనంటే, ఏడ పోయినా మీ అనంతపురమేనా అత్తమ్మా అనె.

అవును మరి, నాకు అనంతపురమే కనిపించె. నువ్వు పుట్టింది వజ్రకరూరు పక్కనే కదా? నీ పుట్టింటోళ్ళు సేద్యం చేసేది కూడా అగ్నిపర్వతం సీమలోనే, ఆ సంగతి నీకు తెలుసునా? నవ్వకు. 110 కోట్ల ఏండ్ల కిందట, 150 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి కరిగిన రాయి గ్యాసుల ఒత్తిడికి నేల చీల్చుకొని గొట్టం మాదిరి పైకి తన్నుకొచ్చె. వస్తా వస్తా ఆ లోతుల్లో పుట్టిన వజ్రాలను వెంటబెట్టుకొచ్చె. ఆ రాతిని కింబర్లైట్ అంటారు. అప్పుడు పైన ఉన్నదంతా ఇన్ని కోట్ల ఏండ్లలో అరిగి చదునైపోయింది. ఇప్పుడుండేది గొంతు మాత్రమే. అన్ని గొట్టాల్లోనూ వజ్రాలుండవు. ఉన్నవాటిలో నుంచి వానకు కొట్టుకొచ్చినవే మన చేన్లలో తేలేది. తొలకరి పడితే చాలు, వజ్రకరూరులో, అటు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేన్లలో ఎక్కడెక్కడి జనమో వచ్చి, నడుములు వంచి రాళ్ళు ఏరతారు కదా. విత్తనం వేసిన చేను తొక్కతారని మీ అన్న కట్టె తీసుకొని తరుముతాడని నువ్వే చెప్తివి.

గ్రీసోళ్ళ అగ్నిపర్వతం వయసు దీని ముందర లెక్కకే రాదు. మనది చల్లారి చదునై చేనైపోయింది, వాళ్ళది ఇంకా ఆవిరి వదులుతాంది. చూసేదానికి వాళ్ళు టికెట్ పెట్టినారు, మనమేమో మన పిల్లోళ్ళకు కూడా చూపించం. గుంతకల్లుకు పోయే బస్సులో ఎన్నిసార్లు పోయినారో, ఏ ఒక్కరికైనా తెలుసునా?

ఏమంటివి? మన దేశంలో మండే అగ్నిపర్వతం లేదా అంటివా? ఉంది, ఒక్కటే. అండమాన్‌లో బారెన్ దీవి. పోర్ట్ బ్లెయిర్ నుంచి, ఇప్పుడు దాన్ని శ్రీ విజయపురం అంటాండారు, 140 కిలోమీటర్ల దాకా ఓడలో పోవాల. పోర్ట్ బ్లెయిర్‌లో మన తెలుగోళ్ళు శానామంది స్థిరపడినారు, మాటకు కరువుండదు. అయితే ఆ దీవిలో దిగనీయరు, ఓడ మీద నుంచే చూసి రావాల. నూటయాభై ఏండ్లకు పైగా పడుకొని 1991లో లేచింది. 2025 సెప్టెంబరులో కూడా కక్కింది. మనుషులు లేరు గానీ మేకలుండాయి. ఎవరో వదిలిపెట్టిన మేకల సంతతి, ఆ బూడిదలో, ఆ కంపల్లో బతికేస్తాండాయి. మేకకు కరువేమి చేస్తాది చెప్పు!

సరే, నువ్వడిగిన నీళ్ళ దగ్గరికే వస్తా. నీళ్ళు లేని ఆ బూడిదలో వాళ్ళేమి పండిస్తారో చూసినాక నాకు నిజంగా కళ్ళు తెరుచుకున్నాయి. ద్రాక్ష తోటలకు మన పక్క రాతి కూసాలు, తీగెల పందిరి, డ్రిప్పు పైపు కావాల కదా. అక్కడ పందిరే లేదు. తీగనే చుట్టలు చుట్టలుగా గంప అల్లి నేల మీద కూచోబెడతారు. గెలలు గంప లోపల. బయట వీచే గాలి మన ఆషాఢం గాలికి అన్నలాంటిది, కాయను తాకలేదు. రాత్రి సముద్రం మీద నుంచి వచ్చే మంచు తేమను ఆ నురుగురాయి పీల్చుకొని, పగలు వేరుకు అందిస్తాది. నీళ్ళు కట్టే పని లేదు. 19వ శతాబ్దంలో ఫిలోక్సెరా అనే పురుగు యూరప్ ద్రాక్ష తోటల్ని వేర్ల దగ్గర నుంచి తినేస్తే, ఈ బూడిద నేలలో అది బతకలేక ఈ తోటలు మిగిలినాయి. పనికిరాని నేల అనుకున్నదే కాపాడింది.

ఆ బూడిదకు ఇంకో పని కూడా పడింది. సున్నంలో కలిపితే నీళ్ళలో కూడా గట్టిపడతాది. 1859 నుంచి 1869 దాకా సూయజ్ కాలువ కట్టినప్పుడు ఓడల్లో నింపి తీసుకుపోయినారు.

నువ్వేదో అనబోతాండావు. మీ నల్లరేగడిలో పప్పుశనగ కూడా అట్లే మంచుకు పండుతాది అంటావా? అదే నేను చెప్పేది! నేలలో మిగిలిన తేమ, చలికాలం మంచు, అంతే. ఉలవలు మరీ మొండివి, వెనకబడి వేసినా ఒక వానకు కాయ పడతాది. ఆ విద్య మనకు వాళ్ళకన్నా తక్కువ లేదు. తేడా యాడ వచ్చిందంటే, విను.

థిరాసియా అనే పక్క దీవిలో మధ్యాహ్నం భోజనానికి పడవ ఆపినారు. ఒడ్డున చిన్న హోటలు. ఇక్కడి ప్రత్యేకం ఏమిటని అడిగితే, ఫావా అని ఒక గిన్నె తెచ్చిపెట్టె. పసుపుపచ్చని బ్యాళ్ళు మెత్తగా ఉడకబెట్టి మెదిపి, పైన పచ్చి ఎర్రగడ్డ సన్నగా తరిగి వేసి, ఆలివ్ నూనె పోసినారు. తిరగవాత లేదు, కారం లేదు. ఆ గింజ మన కేసరి పప్పుకు దాయాది. నోట్లో పెట్టుకుంటే బాగుంది, అబద్ధం చెప్పను. బిల్లు చూస్తే ఆ గిన్నె పప్పుకు మన దుడ్లలో ఏడెనిమిది వందలు! నువ్వు నోరు తెరిచినట్లే నేనూ తెరిచినా. టమాటా కూడా అంతే. రేగుపండంత కాయ, తొక్క మందం, నీళ్ళు తక్కువ, రుచి గట్టి. ఆ టమాటాకు 2013లో యూరప్ సమాఖ్య గుర్తింపు వచ్చె. ఆ పప్పుకూ ఉండాది. ఇంకో ఊరోడు పండించి ఆ పేరు పెట్టి అమ్మితే చట్టం ఊరుకోదు. నీళ్ళు లేకుండా పండింది కాబట్టే రుచి అని డబ్బా మీద రాసి అమ్ముతారు. మనం టమాటా ధర పడిపోతే రోడ్డు మీద పారబోస్తాం. ఉలవలంటే ఎద్దుల దాణా అంటాం. వాళ్ళు కరువును ధరలో కలిపినారు, మనం ధరలో నుంచి కోస్తాం.

అట్లని అక్కడంతా సుఖమని అనుకోవద్దు. దీవిలో కాపురముండేది 15,000 చిల్లర జనం. క్రూయిజ్ ఓడలు వచ్చిన దినం సందుల్లో కాలు పెట్టేదానికి చోటుండదు. రోజుకు 8000 మందికి మించి ఓడల్లో దిగకూడదని హద్దు పెట్టినారు. 2025 జూలై నుంచి రద్దీ నెలల్లో ఓడ దిగే ఒక్కొక్కరికి 20 యూరోల రుసుం. హోటళ్ళు ఎక్కువైనకొద్దీ నీళ్ళకు కటకట. తోటలు పీకి గదులు కట్టేవాళ్ళు కట్టతానే ఉండారు.

భయం కూడా ఉండాది. 1956 జూలైలో పెద్ద భూకంపం వచ్చి యాభైమందికి పైగా పోయినారు. 2025 ఫిబ్రవరిలో దినాల తరబడి నేల వణికితే 10,000 మందికి పైగా పడవల్లో, విమానాల్లో ఊరు విడిచిపోయిరి. నెమ్మదించినాక తిరిగొచ్చిరి. మా ఇంటామెను మా అమ్మాయి అడిగింది, ఇట్లాంటిచోట ఎట్లుంటారని. "మా అమ్మ ఉండింది, నేనుంటా" అనె. మనల్ని కూడా అడుగుతారు కదా, ఆ ఎండల్లో ఆ బోర్లు ఎండిన ఊర్లో ఎట్లుంటారు, బెంగళూరు దగ్గరే కదా పోరాదా అని. బెంగళూరుకు కూలికి పోయినోళ్ళు కూడా నాలుగు చినుకులు పడితే విత్తనానికి తిరిగొస్తారు. ఆమె మాటకు నాకు వేరే అర్థం చెప్పాల్సిన పని లేకపోయె.

ఇంకొకటి చెప్పి వదిలేస్తా. ఆ పెద్ద పేలుడులో ఒక ఊరు ఊరే బూడిద కింద పూడిపోయె. అక్రోతిరి అంటారు. 1967 నుంచి స్పిరిడాన్ మరినాటోస్ అనే ఆయన తవ్వించినాడు. రెండు మూడంతస్తుల ఇండ్లు, నేల కింద మురుగు కాలవలు, కుండలు, గోడల మీద బొమ్మలు బయటపడె. మనిషి ఎముక మాత్రం దొరకలేదు. నేల ముందే వణికితే జనం లేచిపోయినారని అంటారు. ఫీరా మ్యూజియంలో ఆ గోడబొమ్మ ఒకటి చూస్తిమి. నీలిరంగు కోతులు రాళ్ళెక్కతా ఉంటాయి, తోకలు పైకెత్తి. కోతుల మీద చదివినోళ్ళు ఆ ఒడ్డూ పొడుగూ, ఆ తోక తీరూ చూసి, అవి మన దేశపు కొండముచ్చులని 2019లో తేల్చినారు. మూడున్నరవేల ఏండ్ల కిందట మన కొండముచ్చు అంతదూరం ఎట్ల పోయిందో, లేక బొమ్మ గీసినాయనే ఇటువైపు వచ్చినాడో. ఆ బొమ్మ ముందర నిలబడి నేను పక్కనున్న తెల్లాయనకు తెలుగులోనే చెప్పేస్తిని, ఇది మాది అని.

బ్యాళ్ళు మాడిపోతాండాయేమో, పోవాల. పోయేముందు నా తీర్పు విను. ఆ దీవికి మనకన్నా వాన తక్కువ, నేల అధ్వానం, కింద నిప్పు. అయినా అక్కడి రైతు తన పంటకు ఊరి పేరు పెట్టి తలెత్తుకొని అమ్ముకుంటాడు. మనమూ చేయలేని పని కాదు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. ఉలవలకు, కొర్రలకు, మీ వజ్రకరూరు శనగకు ఆ దారి ఎందుకు పట్టించకూడదు? అధికారులు ఎప్పుడు కదులుతారో వాళ్ళిష్టం. ఈసారి మీ అన్న ఉలవలు కొట్టినాక దళారికి వేయొద్దని చెప్పు. మన వీధిలో పది ఇండ్లున్నాయి, ఊరి పేరు రాసిన సంచిలో పోసి ఇయ్యమను. బేరం ఆడకుండా కొంటామని ఇంటింటికీ తిరిగి నేను చెప్తా.